కొండకైతే ఏడాదికోసారి, మరి రోజూ?

పోయినేడు మా పాప డెలివరీకని అట్లాంటా పోయి అయిదు నెలలు ఉండి వచ్చాను. పక్కింట్లో ఒక నల్లజాతి ఆవిడ, యాభై రెండేళ్ళు, స్కూల్లో టీచరు. పొద్దున ఆరుకంతా ఇంకో ముగ్గురు ఆడోళ్ళు వాళ్ళ గేటు దగ్గరికొచ్చి నిలబడేవాళ్ళు, నలుగురూ మాట్లాడుకుంటా నడిచి పోయేవాళ్ళు. వారం రోజులు కిటికీలోంచి చూస్తా ఉన్నా, తర్వాత ఒకరోజు ఆమే చెయ్యూపి నువ్వూ రా అనింది, పోయాను.

నడస్తా నడస్తా చెప్పింది, వాళ్ళమ్మ బీపీతో పక్షవాతం వచ్చి యాభై ఎనిమిదికే పోయిందంట. అక్కడ నల్లజాతి ఆడోళ్ళలో బీపీ చాలా ఎక్కువ, అయిదుగురిలో నలుగురు ఉండాల్సిన బరువు కంటే ఎక్కువున్నోళ్ళే. ఉద్యోగం, ముసలోళ్ళు, మనవళ్ళు, చర్చి పనులు, అందరినీ చూసుకునేది వీళ్ళే, వీళ్ళని చూసేవాళ్ళు లేరు. ఇంకోటి జుట్టు. సెలూన్లో గంటలు కూర్చుని డబ్బు పోసి చేయించుకున్న జుట్టు ఒక్క చెమటకి పాడైపోతుందని ఎక్సర్‌సైజే మానేసేవాళ్ళు చాలామంది. ఇది చిన్న సంగతి కాదు, 2011లో అమెరికా సర్జన్ జనరల్, అంటే ఆ దేశం మొత్తానికి ఆరోగ్యం గురించి చెప్పే పెద్ద డాక్టరు, రెజీనా బెంజమిన్, ఆమె కూడా నల్లజాతి ఆవిడే, అట్లాంటాలో జరిగిన హెయిర్ షోకే పోయి జుట్టు కోసం వ్యాయామం మానుకోవద్దని చెప్పింది.

2010లో మోర్గన్ డిక్సన్, వెనెస్సా గారిసన్ అని ఇద్దరు స్నేహితురాళ్ళు నల్లజాతి ఆడోళ్ళని నడిపించేదానికి గర్ల్‌ట్రెక్ అనే సంస్థ మొదలుపెట్టారు. రోజుకి అరగంట నడవండి, పక్కామెను కూడా పిలవండి, అంతే. పదేళ్ళలో పది లక్షలమంది దాటారు. 1955లో తెల్లోళ్ళ కోసం బస్సులో సీటు వదలను అన్నందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆవిడని అరెస్టు చేసినప్పుడు ఆమెకి 42 ఏళ్ళు, ఆ అన్యాయానికి ఎదురు తిరిగి మాంట్‌గోమరీ ఊర్లో 381 రోజులు బస్సెక్కకుండా నడిచినోళ్ళలో పరాయి ఇళ్ళల్లో వంట చేసే, గుడ్డలుతికే ఆడోళ్ళు ఎంతమందో. మాకు నడక కొత్త కాదు అని మా పక్కింటావిడ చెప్తా ఉంటే నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి.

మనకి మాత్రం కొత్తా? మొక్కుకుంటే అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కేస్తాము, మోకాళ్ళ మిట్ట దగ్గర గోవిందా గోవిందా అనుకుంటా చేతులు ఆనించి అయినా ఎక్కుతాము, తర్వాత నాలుగు రోజులు పిక్కలు పట్టుకునిపోతాయి, మళ్ళా ఏడాది దాకా పాల ప్యాకెట్‌కి కూడా పిల్లోడినే పంపిస్తాము. మనోళ్ళకి పెద్ద లావు లేకపోయినా షుగర్ వచ్చేస్తుంది. వారానికి 150 నిమిషాలు కాస్త వేగంగా నడిస్తే చాలు. అన్నం తిన్నాక పది నిమిషాలు నడిచినా కండరాలు ఆ చక్కెరని వాడేసుకుంటాయి కాబట్టి తిన్న తర్వాత అంత పైకి పోదు.

వచ్చినాక తిరుపతిలో మా ఎమ్మార్‌పల్లి వీధిలో ఎదురింటి వదినని పిలిచాను. ఆమె చీర కింద షూ ఏసుకునేదానికి సిగ్గుపడింది, ఇంకొకామె కుక్కలంటే భయం అనింది, హాస్టల్లో వంట చేసే అక్కకి పొద్దున కుదరదు. షూ సిగ్గు మూడు రోజుల్లో పోయింది. కుక్కలకి ఒక కర్ర పెట్టుకున్నాము, నలుగురం కలిసి ఉంటే అవీ దగ్గరికి రావు. అక్క కోసం వారంలో రెండు రోజులు సాయంత్రానికి మార్చుకున్నాము. ఎవరైనా రాకపోతే ఫోన్ చెయ్యం, వాళ్ళ గేటు దగ్గరే నిలబడి పిలుస్తాము. నన్నూ అట్లే లేపుకుని పోయారు ఎన్నోసార్లు. షుగర్ మాత్రలు మానలేదు, కానీ నా మూడు నెలల సగటు షుగర్ (HbA1c పరీక్ష) 7.8 నుంచి 6.9కి వచ్చింది.

ఆదివారాలు ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌కి పోతాము. ఇప్పుడు ఏడుగురం. మా పక్క ఉండేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే పొద్దున అయిదున్నరకి బయటికి రండమ్మా, ఏ చెప్పులున్నా పర్లేదు, మెల్లగా నడిచేవాళ్ళతో నేనుంటాను.