రీకాల్ కబురు ఎవరింటికి వెళ్తుంది?

రీకాల్ అంటే మనవాళ్లకి ముందు కార్లే గుర్తొస్తాయి, పేపర్లో పడేవి ఎక్కువగా అవే కాబట్టి. కానీ ప్రమాదమని కంపెనీలు వెనక్కి తీసుకునే వస్తువుల్లో బ్యాటరీతో నడిచేవి, పిల్లల సామాన్లు, వంటింటివి కూడా మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మన దగ్గర చేతులు మారుతూ తిరిగేవీ ఇవే. కబురేమో మొదట కొన్నవాడికి వెళ్తుంది, అదీ వాడి నంబర్ మారకపోతే. నా గొడవంతా దీని గురించే.

బ్యాటరీల గోల మనకి కొత్తేం కాదు. 2007లో నోకియా బీఎల్-5సీ బ్యాటరీలు 4.6 కోట్ల దాకా ఛార్జింగ్‌లో వేడెక్కొచ్చని చెప్పగానే, ఫోన్ వెనక మూత ఊడదీసి బ్యాటరీ మీద నంబర్ చదువుకున్నవాళ్లు ఎంతమందో. ఫోన్ సంగతి సరే, స్కూటరైతే? 2022 ఏప్రిల్లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. ఆ వెంటనే మన హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ 2,000 బండ్లు రీకాల్ చేసింది, అదే నెలలో ఒకినావా 3,215, ఓలా 1,441. బ్యాటరీలో వరసగా పేర్చిన లిథియం సెల్స్‌లో ఒకటి లోపల షార్ట్ అయితే ఆ వేడికి పక్కది, దాని వేడికి ఇంకోటి అంటుకుంటాయి. అలాంటి బండి సెకండ్ హ్యాండ్‌లో కొంటే, పైనుంచి చూసి ఏ సెల్ పాడైందో మెకానిక్ కూడా చెప్పలేడు.

మా బావ ఈమధ్య నాగోల్‌లో ఒక పాత కారు కొన్నాడు. టైర్లు చూశాడు, ఇంజిన్ సౌండ్ విన్నాడు, డిక్కీలో కార్పెట్ లేపి తుప్పు గోకి మరీ చూశాడు. "ఛాసిస్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టావా బావా?" అంటే "అదెందుకురా, ఆర్సీ క్లియర్‌గానే ఉందిగా" అన్నాడు. కొట్టి చూస్తే ఎయిర్‌బ్యాగ్ మార్చాల్సిన బండి! మెసేజులు పాత ఓనర్‌కి వెళ్లుంటాయి, ఎలాగూ అమ్మేసేదే కదా అని ఆయన వదిలేసుంటాడు. సర్వీస్ సెంటర్లో పైసా తీసుకోకుండా మార్చారు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, జపాన్ కంపెనీ తకాటా ఎయిర్‌బ్యాగుల్లో బ్యాగ్‌ని ఉబ్బించడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడైపోయి, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు ఎగిరొచ్చి జనం చచ్చిపోయారు.

పిల్లల సామాన్లయితే మరీ అన్యాయం. అక్క కూతురు పడుకున్న ఉయ్యాల చెల్లి కొడుక్కి, ఆ తర్వాత వాచ్‌మన్ ఇంటికి, బిల్లు ఎప్పుడో చెత్తలోకి. 2019లో అమెరికాలో ఫిషర్-ప్రైస్ వాళ్ల వాలుగా ఉండే పిల్లల పడక 47 లక్షలు వెనక్కి తీసుకున్నారు, పసిపిల్లలు అందులోనే ప్రాణాలు పోగొట్టుకున్నారని. అంతకుముందు 2016లో ఐకియా అక్కడే 2.9 కోట్ల సొరుగుల బీరువాలు రీకాల్ చేసింది. పిల్లలు సొరుగు లాగి పైకెక్కితే బీరువా మీద పడిపోయేది. దానికి మందు గోడకి స్క్రూ బిగించడమే. మన హైటెక్ సిటీ ఐకియాలో అలాంటివి కొన్నప్పుడు బిగించే సామాను డబ్బాలోనే ఇస్తారు. కానీ అద్దె ఇంట్లో గోడకి డ్రిల్ పెడితే ఓనరు ఊరుకుంటాడా, అడ్వాన్స్‌లో కోసేస్తాడు. అయినా సరే బిగించండి, ఆ కోత ఏదో పడనీ.

తినేవాటికి ఈ చేతులు మారే బాధ లేదు, 2015లో మ్యాగీని దుకాణాల నుంచి ఎత్తేసినట్టు ఎత్తేస్తారు.

ఇక కుక్కర్లు. ప్రమాణాలకి తగినట్టు లేని కుక్కర్లు అమ్మనిచ్చినందుకు 2022లో కేంద్ర వినియోగదారుల సంస్థ సీసీపీఏ అమెజాన్‌కి లక్ష రూపాయల జరిమానా వేసి, అలా అమ్ముడుపోయిన 2,265 కుక్కర్లు కొన్నవాళ్లందరికీ చెప్పి డబ్బులు తిరిగివ్వమంది. అక్కడ కనీసం కొన్నవాళ్ల లిస్టుంది. బేగంబజార్లో తెల్ల చీటీ మీద రేటు రాయించుకుని తెచ్చుకున్న కుక్కర్‌కి ఎవరు ఫోన్ చేస్తారు? కొనేటప్పుడే తిప్పి చూడండి, ఐఎస్ఐ ముద్ర కింద సీఎం/ఎల్ అని ఒక నంబర్ ఉండాలి. అది ఈ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్స్ ఏ కంపెనీదో, ఇంకా నడుస్తోందో లేదో వచ్చేస్తుంది. షాపాయన విసుక్కుంటే విసుక్కోనీండి, పక్కన ఇంకో పది షాపులున్నాయి.