బెత్తెడు లోతులో దొరికిన కథ

చంద్రుడి మీద ఇద్దరు పిల్లలు తప్పిపోయే కథ ఒకటి రాస్తే, ఒక పిల్లల పత్రిక దాన్ని కారణం చెప్పకుండా తిప్పి పంపింది. ఆ కారణాన్ని ఆరో తరగతి చదివే మా అక్క కూతురు చెప్పింది. వెనక బండరాయి దొర్లిన చప్పుడుకు పిల్లలు ఉలిక్కిపడే చోట నన్ను ఆపి, “అక్కడ గాలే లేదుగా మామయ్యా, చప్పుడెలా వినిపించింది?” అని అడిగింది.

ఆ తర్వాత కొన్ని నెలలు కథ జోలికి పోకుండా చంద్రయాన్-3 గురించి వచ్చిన విజ్ఞాన వ్యాసాలు చదివాను. అందులో చంద్రుడి మీద తిరిగే బండి, అంటే ప్రజ్ఞాన్ రోవర్ బరువు 26 కిలోలని, సెకనుకు ఒక సెంటీమీటరు నడుస్తుందని నోట్సులో రాసుకున్నాను గానీ, అవేవీ కథను కదిలించలేదు. కదిలించినవి రెండు ఉష్ణోగ్రతలు. 2023 ఆగస్టులో విక్రమ్ ల్యాండర్ నుంచి చంద్రుడి మట్టిలోకి దించిన ఉష్ణమాపక కడ్డీ, ఉపరితలం దగ్గర 50 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి 8 సెంటీమీటర్ల లోతుకు వెళ్లేసరికి సున్నాకు దిగువన 10 డిగ్రీలకు పడిపోయిందని చూపింది. 8 సెంటీమీటర్లంటే మనకు బెత్తెడు.

అంత తేడాకు కారణం చదువుతుంటే మా అమ్మమ్మ పొయ్యి గుర్తుకొచ్చింది. రాత్రి వంటయ్యాక ఆమె నిప్పుల మీద బూడిద కప్పేది. తెల్లవారి దాన్ని కదిపి, పిడక ముక్క పెట్టి ఊదితే మళ్లీ మంట లేచేది. బూడిద లోపలి వేడిని బయటికి పోనివ్వనట్టే, రేణువుల మధ్య గాలి కూడా లేని చంద్రుడి పొడిమట్టి పై వేడిని లోపలికి దిగనివ్వదు. పిల్లలిద్దరినీ తీసేసి, రోవర్ నుంచి జారిపడిన చీమంత యంత్రాన్ని కథలో పెట్టాను. పైన ఉంటే ఎండకు దాని బుర్ర వేడెక్కుతుంది, బెత్తెడు లోతుకు దూరితే చలికి బ్యాటరీ మొరాయిస్తుంది. ఆ రెంటికీ నడుమ తనకు సరిపడే, వేలి మందం కూడా లేని పొరను అది వెతుక్కోవడమే కథంతా.

రెండో ప్రతిలో నోట్సంతా చీమ నోట పలికించాను. మా మేనకోడలు ఆవలించింది, నిజానికి నాకూ ఆవలింత వచ్చింది. కొట్టేయగా మిగిలిన వాటిలో పాత బండరాయి ఒకటి: ఈసారి అది చప్పుడు లేకుండా దొర్లుతుంది, నేల అదురు మాత్రం చీమ ఆరు కాళ్లకూ తెలుస్తుంది.

నాలుగో ప్రతి విన్నాక మా మేనకోడలు, “మరి అక్కడి రాత్రి పద్నాలుగు రోజులుంటుందిగా, అప్పుడేం చేస్తుంది?” అంది. విక్రమ్, ప్రజ్ఞాన్ ఆ సెప్టెంబరు రాత్రికి నిద్రపోయి మళ్లీ లేవలేదు. చీమను అలా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పుడు రాస్తున్న రెండో కథలో అది ఇంకా లోతుకు తవ్వుతోంది.