ఎడిటర్ లేవదు: రెండు జీలిబ్‌ల గొడవ

ఉబుంటు 24.04 (లైనక్స్) వేశాక గ్రాఫిక్స్ డ్రైవర్, ఆడియో, తెలుగు కీబోర్డు అన్నీ చెప్పిన మాట విన్నాయి. వీడియో ఎడిటర్ ఒక్కటే మొండికేసింది. ఐకాన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. టెర్మినల్‌లో నడిపితే ఒకే లైను: సిస్టమ్‌లోని పాంగోకి (అక్షరాలను తెర మీద పేర్చే లైబ్రరీ) ‘జీ_స్ట్రింగ్_ఫ్రీ_అండ్_స్టీల్’ అనే సింబల్ (ఇక్కడ ఒక ఫంక్షన్ పేరు) దొరకలేదట.

ప్రోగ్రాముకి కావలసిన లైబ్రరీలు ఉన్నాయో లేదో చూపే ఎల్‌డీడీ మాత్రం అన్నీ ఉన్నాయనే అంది. ఉన్నాయి నిజమే, ఫైలు లోపల ఫంక్షనే లేదు. ఏ లైబ్రరీ ఎక్కడి నుంచి వస్తోందో చూపే ‘ఎల్‌డీ_డీబగ్=లిబ్స్’ పెట్టి నడిపితే గుట్టు బయటపడింది. ఆ ఫంక్షన్ ఉండాల్సింది పాంగో ఆధారపడే జీలిబ్ అనే లైబ్రరీలో. ఆ జీలిబ్ సిస్టమ్ నుంచి రావడం లేదు, ఎడిటర్ వెంట తెచ్చుకున్న లిబ్స్ ఫోల్డర్ నుంచి వస్తోంది. అది 2.68.4, సిస్టమ్‌ది 2.80. ఆ సింబల్ పుట్టిందే 2.76లో. అప్పటి నుంచి హెడర్‌లో (కంపైల్ చేసేటప్పుడు చదివే ఫైలు) జీ_స్ట్రింగ్_ఫ్రీ ఒక మాక్రో (కంపైలయ్యేటప్పుడు వేరే కోడ్‌గా మారే పేరు) అయింది కాబట్టి, కొత్త హెడర్లతో కంపైలైన పాంగోలోకి ఈ పిలుపు దానంతట అదే చేరిపోతుంది. రెండు జీలిబ్‌ల ఎస్ఓనేమ్ (ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు లైబ్రరీలను ఎక్కించే లోడర్ వాటిని గుర్తుపట్టే పేరు) ఒకటే. ముందు ఏది లోడైతే అందరికీ అదే దిక్కు.

లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌తో సిస్టమ్ ఫోల్డర్‌ని ముందుకు తోశాను, ఫలితం సున్నా. రీడ్‌ఎల్ఫ్‌తో ఎడిటర్ బైనరీ లోపల చూస్తే, లైబ్రరీలు వెతికే దారి రన్‌పాత్‌గా కాదు, ఆర్‌పాత్‌గా రాసి ఉంది. లోడర్ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ కన్నా దాన్నే ముందు చూస్తుంది. సరేనని జీలిబ్ ఫైళ్లను మాత్రం పక్క ఫోల్డర్‌లోకి జరిపితే గోల జీడీకే పిక్స్‌బఫ్‌కి (బొమ్మలను లోడ్ చేసే లైబ్రరీ) మారింది: ఈసారి ‘జీ_టాస్క్_సెట్_స్టాటిక్_నేమ్’ లేదట. అది జీలిబ్‌తో పాటే వచ్చే జీఐఓ లైబ్రరీలో ఉండాల్సింది, పాత జీఐఓ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. జీఐఓతో పాటు దాని తోడు లైబ్రరీలు జీఆబ్జెక్ట్, జీమాడ్యూల్ కూడా జరిపాక ఎడిటర్ లేచింది.

సిస్టమ్ జీలిబ్‌ని అన్నిటికన్నా ముందు ఎక్కించే ఎల్‌డీ_ప్రీలోడ్‌తో కూడా పని అయ్యేదేమో. కానీ అది ఎడిటర్ పుట్టించే ప్రతి ప్రాసెస్‌కీ అంటుకుంటుంది, నాకు నచ్చదు. అసలు జీలిబ్ లాంటివి కట్టగట్టి ఇచ్చేవాళ్లు పాంగో, పిక్స్‌బఫ్ కూడా కలిపి ఇవ్వాలి, లేదంటే ఏదీ ఇవ్వకూడదు. ఈ సగం సగం ప్యాకింగ్ కన్నా, సిస్టమ్ లైబ్రరీల మీద ఆధారపడని ఫ్లాట్‌ప్యాక్ ప్యాకింగ్ ఎంత బరువైనా నయం.

అప్‌డేట్ వేస్తే ఆ ఫైళ్లు మళ్లీ వచ్చి కూర్చుంటాయి, అందుకని చిన్న స్క్రిప్టు రాసి పెట్టాను. తర్వాత డిస్ట్రోబాక్స్‌లో (ఇంకో లైనక్స్‌ని కంటైనర్‌లో నడిపే టూల్) రాకీ లైనక్స్ 8 వేసి చూడాలి. అక్కడి జీలిబ్ 2.56. అక్కడి పాత పాంగోకి ఎడిటర్ తెచ్చే కొత్త జీలిబ్‌తో పేచీ ఉండదు కాబట్టి అక్కడ ఏ ఫైలూ కదపకుండానే లేవాలి. జీపీయూని కంటైనర్‌లోకి తీసుకెళ్లడమే అసలు పని.