మంచం పక్కన పుట్టిన కథలు

ఆదివారం రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని ఒక నవల పూర్తిచేశాను. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కాలపు పారిస్. దొరసానులు తమ సెలూన్లలో (మన మంగలి షాపు కాదండోయ్, ఇంట్లో పెట్టుకునే సాహిత్య గోష్ఠి) పరీ కథలు (ఫెయిరీ టేల్స్) చెప్పుకుంటుంటారు. కొందరైతే తాము మంచం మీద పడుకుని, పక్కన కూర్చున్న అతిథులతో ముచ్చట్లు. మధ్యలో చాటుమాటు సరసాలు, పచ్చి బూతులు. బస్సులో చదువుతుంటే పక్క సీటు పెద్దావిడ తొంగిచూసింది. గబుక్కున ఫోన్ బోర్లా పెట్టేశాను.

నవల కొన్నిచోట్ల బూతు కోసమే బూతు అనిపించింది. కానీ అసలు చరిత్ర ఇంకా ఘాటు. 1697లో తన సంపుటికి 'పరీ కథలు' అని పేరు పెట్టిన మదామ్ దోల్నోయ్‌కి చిన్నపిల్లప్పుడే తనకన్నా ఎన్నో ఏళ్లు పెద్దవాడితో పెళ్లి చేశారు. అలాంటి కథలే రాసిన మదామ్ ద మ్యూరాను రాజు లోష్ కోటలో బందీగా పెట్టించాడు.

1698లో లా ఫోర్స్ అనే ఆవిడ రాసిన కథలో, బురుజులోని పొడుగు జడ పిల్ల (తర్వాతి రాపుంజెల్) రాకుమారుడి వల్ల గర్భవతి అవుతుంది. జర్మనీలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల పుస్తకం 1812 నాటి మొదటి ముద్రణలో కూడా ఆ పిల్ల "నా బట్టలెందుకిలా బిగుతవుతున్నాయి?" అని అమాయకంగా అడుగుతుంది. తర్వాతి ముద్రణల్లో ఆ మాట ఎగిరిపోయింది.

నిన్న రాత్రి మా పాప ఏరికోరి ఆ జడపిల్ల కథే అడిగింది. నేనూ బట్టల సంగతి మింగేశాను.