పొట్ట మీద పడని చెయ్యి

బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి తెల్లారేసరికి కుడివైపు కిందికి దిగింది. రెండు వాంతులు, కాస్త జ్వరం. మా ఊరి నర్సింగ్‌హోమ్‌లో డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే "రాత్రి ఏం తిన్నావు?" అన్నాడు. పెళ్లి భోజనం అన్నాను. అంతే, గ్యాస్ అని తేల్చేశాడు. ఒక ఇంజెక్షన్, ఒక సెలైన్, సాయంత్రానికి ఇంటికి.

మూడో రోజు నొప్పి ఒక్కసారిగా తగ్గింది. మందు పనిచేసిందని అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. అపెండిక్స్ పగిలినప్పుడు ఒక్కోసారి అలాగే కాసేపు హాయిగా ఉంటుందట. రాత్రికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. చలిజ్వరంతో వణుకుతుంటే అన్నయ్య కారులో గుంటూరు తీసుకెళ్లాడు. అక్కడి సర్జన్ మేడమ్ ముందు తన చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంది. కుడివైపు మెల్లగా నొక్కి, టక్కున వదిలింది. నొక్కినప్పటికంటే వదిలినప్పుడే ప్రాణం పోయినంత పనైంది. "ఇలా ఎవరూ చూడలేదా?" అంది.

ఆపరేషన్, చీము పోవడానికి పక్కన ట్యూబు, పదకొండు రోజులు మంచం. దగ్గొస్తే దిండు పొట్టకు అదుముకోవాలి. రోజూ పొద్దున్నే ఒకటే ప్రశ్న, "గ్యాస్ పోయిందా?" అని. గ్యాస్ అని పంపిస్తేనే ఇంతదూరం వచ్చాను. ఇప్పుడు అదే పోతేగానీ మంచినీళ్లు కూడా ఇవ్వరట!

కుట్లు మానాక లాయరును కలిశాం. రోగం పోల్చుకోలేకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కాదు, మామూలు డాక్టరు ఎవరైనా చేసే పరీక్ష చేశాడా లేదా అన్నదే లెక్క అన్నాడు. నాకు అది న్యాయంగానే అనిపించింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పిందట. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. హైదరాబాద్‌లో మలేరియాకు టైఫాయిడ్ మందులిచ్చిన కేసులో, ప్రతిసారీ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో అదే కోర్టు అందట. ముందు కేస్‌షీట్ తెమ్మన్నాడు.

అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నుంచీ ఉన్న నిబంధన. మాకు మూడు వారాలు "రేపు రండి" అన్నారు. చివరికి లాయరు నోటీసు వెళ్లాక రెండు జిరాక్స్ కాగితాలు ఇచ్చారు. అందులో సంతకంతో సహా ఒక లైను: "పొట్ట మెత్తగా ఉంది. నొక్కితే నొప్పి లేదు."

లాయరు ఆ లైను కింద పెన్సిల్‌తో గీత గీశాడు. "ఆ గదిలో ఇంకెవరున్నారు?"

"అమ్మ" అన్నాను.