కుక్క తిరిగే పెరట్లో ఆముదపు పిండి

శేషాచలం కొండల దిగువన ఉన్న మా తిరుపతిలో కుక్కను పెంచుకునేవారు పెరటి ప్రమాదం అనగానే మొదట పాముల గురించే అడుగుతారు. ఆ భయం అకారణమైనది కాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ ఈ ప్రాంతంలో ఉన్నవే. అయినా నా లెక్కలో పాముకన్నా ముందు చెప్పుకోవలసింది ఎరువుల మూట గురించి.

రసాయనాలు మానేసిన మిద్దెతోటల వారు ఆముదపు పిండి, వేపపిండి, ఎముకల పొడి కలిపి కుండీలకు వేయడం ఇప్పుడు మామూలు విషయం. ఆముదం గింజల్లో రైసిన్ అనే విషం ఉంటుంది. అది నూనెలో కరగదు కనుక, గానుగ ఆడిన తర్వాత పిండిలోనే మిగిలిపోతుంది. తగినంత వేడి తగిలితే దాని శక్తి పోతుంది గానీ, మనం కొన్న సంచిలోని పిండికి ఆ వేడి తగిలిందో లేదో చూసి చెప్పలేం. ఎముకల పొడి వాసన తోడైతే కుక్క మట్టి తవ్వి మరీ తింటుంది. వాంతులు, నెత్తురు విరేచనాలు కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మరునాటికి గానీ మొదలుకావు కాబట్టి, ఎరువే కారణమని ఇంట్లో ఎవరికీ తట్టదు. దీనికి విరుగుడు మందు లేదు. లక్షణాలను బట్టి చికిత్స చేయడమే. సేంద్రియ ఎరువు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. బాగా మాగిన పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు ఉండగా కుక్క ఉన్న ఇంట్లో ఆముదపు పిండి అవసరమే లేదని నా అభిప్రాయం. మన జిల్లాల్లో విరివిగా దొరికే చెనక్కాయల చెక్క తాజాగా ఉంటే ఫరవాలేదు గానీ, బూజు పట్టిన దానిలో కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లాటాక్సిన్ పుట్టవచ్చు.

ఇక మొక్కలు. పూజకు పెంచుకునే గన్నేరు, పచ్చగన్నేరు రెండింటిలోనూ ఆకు నుంచి వేరు దాకా గుండెకు హాని చేసే పదార్థాలున్నాయి. చేదు వల్ల పెద్ద కుక్కలు సాధారణంగా వాటి జోలికి పోవు; కత్తిరించి పడేసిన కొమ్మలను కొరికే కూనలతోనే చిక్కు. అందుకే గన్నేరును పీకేయమని నేను అనను, చుట్టూ కంచె కట్టి, కొమ్మలను వెంటనే తీసేస్తే చాలు. నర్సరీల్లో అలంకారానికి అమ్మే సైకస్ మాత్రం ఉండకూడదు. దాని గింజలు కాలేయాన్ని పాడుచేసి ప్రాణం తీస్తాయి. మల్లె, గులాబీలతో బెంగ లేదు.

తోతాపురి కాలంలో రాలిన కాయలను ఏ పూటకాపూట ఏరివేయాలి, ఎందుకంటే మింగిన టెంక పేగులో అడ్డుపడితే ఆపరేషన్ దాకా పోతుంది. అక్టోబరు నుంచి కురిసే వానల్లో ఒళ్లంతా బొడిపెలున్న కప్పలు బయటికి వస్తాయి. వాటిని కరిచిన కుక్క నోట నురగ వస్తే, నీళ్లు గొంతులోకి పోకుండా తల కిందికి వంచి నోరు బాగా కడగాలి.

ఏది తిన్నా ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే పద్ధతి మంచిది కాదు, ఆ ఉప్పే విషమవుతుంది. ఇది 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరు. వైద్యుడి దగ్గరికి బయలుదేరేటప్పుడు కొరికిన కొమ్మనో, ఎరువు సంచినో చేతిలో పట్టుకుని వెళ్లండి.