కుండీ మధ్యలో బంకమట్టి: ఇంట్లో మొక్కలతో నా అనుభవం

ఇంట్లో మొక్కలు పెట్టుకుంటానంటే వెలుతురు గురించీ ఎరువు గురించీ అందరూ చెప్పారు. వేళ్లను పట్టుకుని వచ్చే మట్టి గురించి ఒక్కరూ చెప్పలేదు. నన్ను ముప్పుతిప్పలు పెట్టింది అదే. ఆ మట్టి కడిగి మళ్లీ నాటిన నా పీస్ లిల్లీ ఈ వారమే నిలదొక్కుకుని కొత్తాకు వేసింది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

వెలుతురు తేలిక. మధ్యాహ్నం లైట్లు ఆర్పి, మొక్క పెట్టే చోట తెల్లకాగితం పరిచి, అడుగు ఎత్తులో చెయ్యి పెట్టండి. నీడ అంచులు స్పష్టంగా ఉంటే దాదాపు ఏ ఇండోర్ మొక్కైనా బతుకుతుంది. మసగ్గా ఉంటే మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, జీజీ (ZZ) ప్లాంట్. నీడే పడకపోతే అక్కడ ఏదీ వద్దు. కుండీకి అడుగున చిల్లు ఉండాలి, అంతే.

ఇక మట్టి. హైదరాబాద్ నర్సరీల్లోని మొక్కలు చాలావరకు తూర్పుగోదావరి జిల్లా కడియం వైపు నుంచి లారీల్లో వస్తాయి. వేళ్ల చుట్టూ గోదావరి బంకమట్టి ముద్ద ఉంటుంది. ప్రయాణంలో వేళ్లు చెదరకుండా అది కావాలి, అక్కడి రైతుల తప్పేమీ లేదు. ఆరుబయట ఎండకీ గాలికీ ఆ ముద్ద ఆరుతుంది. గదిలో ఆరదు. చుట్టూ ఎంత మంచి కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) మిశ్రమం వేసినా, పైన వేలు పెడితే పొడి, మధ్యలో బురద. ఆ బురదలో గాలాడక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేళ్లు నీళ్లు తాగలేవు కాబట్టి ఆకులు వాలిపోతాయి. అది చూసి దాహమనుకుని ఇంకో చెంబు పోస్తాం. పోనీ పూర్తిగా ఎండనిద్దామా అంటే ముద్ద రాయిలా బిగుసుకుంటుంది, నీళ్లు పక్కల నుంచి జారి చిల్లులోంచి పోతాయి.

ఇదంతా నర్సరీలో అడిగితే వచ్చిన జవాబు, "మట్టి కదిపితే చచ్చిపోద్దండీ, అలాగే పెట్టెయ్యండి." పైగా ఒక బూస్టర్ సీసా అంటగట్టారు. కుళ్లిన వేరుకి బూస్టర్ ఏం చేస్తుంది? గాలిని శుభ్రం చేస్తుందని చెప్పి మొక్కకి ధర పెంచేదీ వీళ్లే. ఆ మాటకి ఆధారంగా చూపే నాసా 1989 నివేదిక మూసి ఉంచిన చిన్న పెట్టెల్లో చేసిన పరీక్షల మీద. తలుపులు తెరుచుకునే మన హాలుకి అది వర్తించదు.

అనుమానముంటే చీపురుపుల్లని కుండీ మధ్యకి గుచ్చి ఐదు నిమిషాలు ఉంచి తీయండి. జిగురుమట్టి అంటుకుని వస్తే మొక్క బయటికి తీయాల్సిందే. ముద్దని బకెట్ నీళ్లలో అరగంట నాననిచ్చి, చేతివేళ్లతో మెల్లగా విప్పుతూ సన్నటి ధార కింద కడగండి. మూడింట రెండొంతుల మట్టి పోతే చాలు, మొత్తం వదిలించబోతే పీచువేళ్లు తెగుతాయి. నల్లగా మెత్తబడినవి కత్తిరించేయండి. పీస్ లిల్లీని వెంటనే నాటాలి. స్నేక్ ప్లాంట్, జీజీ దుంపజాతివి, కోసిన చోట మానేదాకా ఒకరోజు నీడలో ఆరబెట్టాలి. మే ఎండల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

మిశ్రమం: కోకోపీట్ రెండు వంతులు, వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) ఒకటి, పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి గుళికలు) ఒకటి. పెర్లైట్ దొరక్కపోతే జల్లెడ పట్టి పొడి తీసేసిన ముతక ఇసుక. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, నానబెట్టి రెండు మూడుసార్లు కడిగి పిండాలి. కొత్త కుండీ పాతదానికంటే అంగుళమో రెండంగుళాలో పెద్దదైతే చాలు. మరీ పెద్దదైతే వేళ్లు అందుకోని తడి మిగిలిపోతుంది. నెలరోజులు ఏ ఎరువూ వద్దు.

నీళ్లకి రోజుల లెక్క పెట్టుకోకండి. పోసిన వెంటనే కుండీ ఎత్తి బరువు చూసుకోండి, బాగా తేలికయ్యాకే మళ్లీ పోయండి. పై రెండంగుళాలు ఆరనిస్తే మట్టిమీద ఎగిరే నల్లటి చిన్న దోమలూ తగ్గుతాయి, వాటి పురుగులు బతికేది ఆ తడిలోనే. ఉన్నవాటికి పసుపు జిగురు అట్టలు పెట్టండి. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా ఆకుల కొనలు మాడితే బోరు నీళ్లని అనుమానించండి, ఫ్లోరైడ్ ఆ రెండింటికీ పడదు. నల్గొండ వైపు వాళ్లు వాటికి వాననీళ్లో ఆర్‌ఓ నీళ్లో పోయడం మంచిది.